మచ్చ పక్కన

2 ఫిబ్రవరి 1976, సోమవారం

నాన్న పొట్ట మీద గడ్డ ఉంది.

పొద్దున బడికి బయలుదేరుతుంటే చూశాను. గుడి నుంచి వచ్చి, వసారాలో చెంబు అందుకోవడానికి వంగారు. లేస్తూ దగ్గారు. ఆగస్టులో గుంటూరులో ఆపరేషన్ చేసిన మచ్చ బొడ్డు పైనుంచి నిలువుగా ఉంటుంది. దానికి కుడిపక్కన నిమ్మకాయంత ఉబ్బు. వెంటనే ఉత్తరీయం దాని మీదికి లాక్కున్నారు. నన్ను చూసి, "ఏరా, బడికి టైము కాలేదా?" అన్నారు.

కాలేదన్నాను. అయింది.

సర్జను మమ్మల్ని పంపించేస్తూ నాతో అన్న మాట గుర్తుంది. "పెద్దపేగులో క్యాన్సరు గడ్డ మొత్తం తీసేశాం. మళ్ళీ రాదని హామీ ఇవ్వలేను. పొట్టలో ఎక్కడ గడ్డ తగిలినా ఆలస్యం చెయ్యకండి." శ్యామల పక్కనే ఉంది. తిరువూరు చేరేదాకా బస్సులో తన మామగారికి ఏవో కబుర్లు చెబుతూనే కూర్చుంది.

తొందరపడను. నేను చూసింది ఒక్క క్షణం.

3 ఫిబ్రవరి

గమనిస్తున్నాను. భయపడటం లేదు.

4 ఫిబ్రవరి, బుధవారం

పదో తరగతికి జీర్ణమండలం పాఠం. పెద్దపేగు బొమ్మ బోర్డు మీద వేశాను. భాగాల పేర్లు రాయించకుండానే చెరిపేశాను. పిల్లలు ఏమీ అనలేదు. నవంబరు నుంచి వాళ్ళు నన్ను ఏమీ అనడం లేదు.

6 ఫిబ్రవరి, శుక్రవారం

నాన్న గురించి రాసుకోవాలనిపించింది.

ఈ ఊళ్ళో చిన్న శివాలయానికి ఆయన అర్చకుడు. దత్తాత్రేయులు పంతులుగారంటే అందరికీ తెలుసు. ఆపరేషన్ రోజు థియేటరులోకి తీసుకుపోతుంటే నర్సును పేరు అడిగారు. ప్రేమకుమారి అని చెప్పింది. "భయపడకమ్మా ప్రేమకుమారీ, నేను కదలను" అన్నారు. కోయించుకునేది ఆయన. భయపడవద్దని చెప్పింది ఆ పిల్లకు. అమ్మ ఈ సంగతి చెప్పుకుని ఇప్పటికీ నవ్వుతుంది.

ఆస్పత్రిలో పొట్టకు బెల్టు ఇచ్చారు. వెడల్పాటి మందపు గుడ్డ, ముందు తోలు పట్టీలు, బకిళ్ళు. కుట్టు గట్టిపడేదాకా, ఆరు నెలలు, వదలకుండా కట్టుకోమన్నారు. కట్టుకుంటున్నారు. నేను బడి నుంచి వచ్చేసరికి మంచం మీద పడుకుని ఉంటారు, బెల్టు బిగించి ఉంటుంది. రాత్రి నిద్రలో కూడా ఉంటుంది. ఇక్కడి డాక్టరు దేవానందం గారు, చెప్పింది చెప్పినట్టు చేసే ఇలాంటి రోగిని చూడలేదంటారు.

కార్తీకంలో శ్యామల పోయినప్పుడు మైల అని నాన్న గుడికి వెళ్ళలేదు. ఎ.కొండూరు నుంచి మా పెదతాతగారి మనవడు సోమయాజులు వచ్చి గుడి చూసుకున్నాడు. ఆ రోజులన్నీ నాన్న నా పక్కన కూర్చున్నారు. ఒక్క ఓదార్పు మాట అనలేదు. భోజనాల దగ్గర నేను మొదటి ముద్ద తినేదాకా తన విస్తరి ముట్టుకోలేదు. అంతే. మా ఇంటికి వచ్చి గంటలకొద్దీ ఓదార్చినవాళ్ళ మాటలు ఒక్కటీ గుర్తులేవు. ఆ విస్తరి గుర్తుంది.

అప్పటి నుంచి నేను గుడికి వెళ్ళలేదు. ఎందుకు రావని ఆయన అడగలేదు.

8 ఫిబ్రవరి, ఆదివారం

గడ్డ పెరగలేదు. నేను చూడలేదు కూడా.

10 ఫిబ్రవరి, మంగళవారం

శ్యామల మాసికం. పెట్టాను.

11 ఫిబ్రవరి, బుధవారం

సోమయాజులు మళ్ళీ వచ్చాడు. నాకంటే పెద్దవాడు, నెమ్మదస్తుడు. నాన్న అతన్ని పొద్దునా సాయంత్రం గుడికి తీసుకెళ్ళి అన్నీ చూపిస్తున్నారు. ఏ పండక్కి ఏ అలంకారం, ఏ ఇంటివాళ్ళు ఏ రోజు అభిషేకం చేయించుకుంటారు, వెండి కవచం ఎక్కడ ఉంటుంది.

"శివరాత్రికి జనం ఎక్కువొస్తారు. చేదోడుగా ఉంటాడు" అన్నారు నాతో.

సాయంత్రం మారేడు పత్రి తెచ్చే ఏడుకొండలు బడి గేటు దగ్గర కనిపించాడు.

"మేష్టారూ, అయ్యగారు ఎక్కడికన్నా వెళ్తున్నారాండి?"

"లేదే. ఏం?"

"కాదులెండి. తాళాలు కూడా ఆ కొండూరు అయ్యగారికే ఇస్తన్నారు. ఇన్నేళ్ళలో ఆ తాళంచెవి ఇంకొకళ్ళ మొల్లో నేను చూళ్ళేదు."

అక్కడే నిలబడిపోయాను. నాన్నకు తెలుసు. నాకంటే ముందు నుంచి తెలుసు. తెలిసి, మాకు ఒక్క మాట చెప్పకుండా, తను లేకపోయినా స్వామికి పూజ ఆగకుండా అంతా సర్దిపెడుతున్నారు. ఆ పని చేస్తూ రోజూ నన్ను బడికి టైమయిందా అని అడుగుతున్నారు.

ఇంటికి రాలేదు. నేరుగా దేవానందం గారి దగ్గరికి వెళ్ళాను.

12 ఫిబ్రవరి, గురువారం

డాక్టరుగారు సాయంత్రం ఇటుగా వచ్చినట్టు వచ్చారు. నాన్న ఒక్క చూపులో కనిపెట్టారు.

"దారి తప్పారా డాక్టరుగారూ, మావాడు దారి చూపించాడా?"

"శారదాంబ గారి చేతి కాఫీ కోసమండీ పంతులుగారూ."

"కాఫీ ఆవిడిస్తుంది. పొట్ట నేను చూపిస్తాను. రండి లోపలికి."

వసారా వెనక గదిలో మంచం మీద పడుకున్నారు. అమ్మ గుమ్మంలో నిలబడింది. డాక్టరుగారు బెల్టు విప్పించారు. పడుకున్నప్పుడు పొట్ట మీద ఏమీ లేదు, మచ్చ తప్ప. తల ఎత్తమన్నారు. ఉబ్బు వచ్చింది. నేను చూసినప్పటికంటే పెద్దది. అమ్మ గుమ్మం పట్టుకుంది.

"ఎన్నాళ్ళనుంచండీ?"

"పుష్యమాసం మొదట్నుంచి."

"నెల దాటిందా!" అమ్మ లోపలికి వచ్చేసింది. "నెలరోజులు నా ఎదురుగా కూర్చుని అన్నం తింటూ, నాకు చెప్పలేదా మీరు?"

"చెప్తే నువ్వు పప్పులో ఉప్పు మర్చిపోతావే."

డాక్టరుగారు వేళ్ళతో మెల్లగా నొక్కారు. బుడబుడమని చప్పుడైంది. ఉబ్బు లోపలికి పోయింది. మళ్ళీ దగ్గమన్నారు, మళ్ళీ వచ్చింది, మళ్ళీ నొక్కారు. చాలాసేపు చూశారు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను.

"క్యాన్సరు గడ్డయితే ఇలా నొక్కితే లోపలికి పోదండీ. లోపల కుట్టు వేసినచోట కండ విడిపోయింది. ఆ సందులోంచి పేగు తోసుకొస్తోంది. హెర్నియా అంటాం. కానీ నాకు అర్థం కానిదేంటంటే, బెల్టు ఇంత శ్రద్ధగా కట్టుకునేవారికి ఎందుకు విడిపోయినట్టు?"

"కట్టుకోకేం!" అంది అమ్మ కోపంగా. "గుళ్ళోంచి వచ్చి, మడి విప్పీ విప్పగానే కట్టుకుంటారు. రాత్రి కూడా తియ్యరు."

"గుళ్ళో?"

"గుళ్ళోకి ఎలా కట్టుకెళ్తారండీ? దానికి తోలుంది కదా."

డాక్టరుగారు నాన్నవైపు తిరిగారు. "గుళ్ళో అభిషేకానికి నీళ్ళెవరు తోడతారు?"

"అర్చకుడే తోడాలి" అన్నారు నాన్న. "మడినీళ్ళు. బావి లోతు."

"బిందెలెవరు మోస్తారు?"

"అర్చకుడే."

డాక్టరుగారు కుర్చీలో వెనక్కి వాలారు. "అంటే బరువెత్తేటప్పుడు విప్పేసి, పడుకునేటప్పుడు బిగించుకున్నారన్నమాట. వానలో గొడుగు ముడుచుకుని, ఇంటికొచ్చాక వేసుకున్నట్టుందండీ!"

"తోలు పెట్టి కుట్టింది మీ ఆస్పత్రివాళ్ళు. శివుడి దగ్గరికి తోలెలా తీసుకెళ్ళమంటారు?"

"ఆయన కట్టుకున్నదే పులితోలు కదండీ పంతులుగారూ!"

"ఆయన ఇల్లు, ఆయన ఇష్టం. నేను కొలువు చేసేవాణ్ణి."

ఇద్దరూ నవ్వారు. నాన్న నవ్వితే ఉబ్బు మళ్ళీ పైకి వచ్చింది. ఆయన దాన్ని అరచేత్తో, గోల చేసే పిల్లవాణ్ణి కూర్చోబెట్టినట్టు లోపలికి నొక్కుకున్నారు.

బెల్టు రోజూ చూశాను. ఎప్పుడు చూశానో ఆలోచించలేదు.

వీధి గుమ్మం దగ్గర డాక్టరుగారు నవ్వు ఆపి నాతో అన్నారు: "నా చేతికి తగిలింది హెర్నియానే. దాని వెనకాల ఇంకేమన్నా ఉందేమో నా చేతికి తెలీదు. ఉండకపోవచ్చు. గుంటూరు తీసుకెళ్ళి ఎక్స్‌రేలు తీయించండి. హెర్నియానే అయినా పేగు ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది. ఇక ఒక్క బిందె కూడా ఎత్తనివ్వొద్దు."

ఉండకపోవచ్చు అన్నారు. ఉండదు అనలేదు.

13 ఫిబ్రవరి, శుక్రవారం

శివరాత్రి అయ్యాక వెళదామన్నారు నాన్న. అమ్మ అరిచింది, బతిమాలింది, వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు గట్టిగా పెట్టింది. ఆయన కదలలేదు. "ఏడాదికోసారి వచ్చే రాత్రి. ఈలోగా ఏం మించిపోతుంది? పేగు ఎక్కడికి పోతుంది, నా దగ్గరే ఉంటుంది."

నేను చెప్పదలుచుకున్నవి చాలా ఉన్నాయి. కణాల గురించి, ఆలస్యం గురించి. సైన్సు మాస్టర్ని. బడిలో అయితే చెప్పగలను.

"శివరాత్రి దాకా నేను ఆగలేను నాన్నా" అన్నాను.

ఆయన నావైపు తిరిగారు. చాలాసేపు చూశారు.

"సోమవారం వెళదాం" అన్నారు. "సోమయాజులున్నాడుగా."

నవంబరు తర్వాత నువ్వు నోరు తెరిచి అడిగింది ఇదొక్కటేరా అంది అమ్మ, తర్వాత.

15 ఫిబ్రవరి

సెలవుచీటీ ఇచ్చాను. భయపడటం లేదని ఇంతకుముందు రాశాను. అది నిజం కాదు.

17 ఫిబ్రవరి, మంగళవారం. గుంటూరు

నిన్న బస్సులో మైలవరం దాటేసరికి నాన్న ఎదురు సీటులో ఉన్న రెడ్డిగూడెం ఆసామితో స్నేహం చేశారు. మామిడి పూత ఎలా ఉంది, మంచు పట్టిందా, కాయ నిలుస్తుందా. పక్కన నేను క్యాన్సరు గురించి ఆలోచిస్తున్నాను. క్యాన్సరు ఉందో లేదో తెలియని మనిషి మామిడి పూత గురించి నిజంగా దిగులుపడుతున్నారు.

ఆస్పత్రిలో అదే వార్డు. నర్సు ప్రేమకుమారి గుర్తుపట్టి పరుగెత్తుకొచ్చింది.

"పంతులుగారూ! బాగున్నారా? కోడలమ్మ రాలేదాండీ ఈసారి? నాకు జడ వెయ్యడం నేర్పిస్తానంది."

నేను కిటికీవైపు చూశాను.

"రాలేదమ్మా" అన్నారు నాన్న. "ఈసారి కొడుకొచ్చాడు." నన్ను మందుల కౌంటరుకు పంపించారు. ఏ మందూ రాసివ్వలేదు. నేను తిరిగి వచ్చేసరికి ఆ అమ్మాయి వరండాలో గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటోంది. నాన్న ఆమెతో ఏదో మెల్లగా చెబుతున్నారు. నేను వినకుండా ఆ మాట చెప్పడం కోసం నన్ను పంపించారు.

ఇలాంటివి ఈ మనిషికి ఎక్కడ తడతాయి?

18 ఫిబ్రవరి

బేరియం తాగించి ఎక్స్‌రేలు తీశారు. సున్నం తాగినట్టుందన్నారు నాన్న. ఫలితం రేపు.

రేపు.

19 ఫిబ్రవరి, గురువారం

లేదు.

సర్జను ఎక్స్‌రేలు వెలుతురుకు ఎత్తి పట్టి ఒక్కొక్కటీ చూపించాడు. చేత్తో కూడా చాలాసేపు చూశాడు. ఇవాళ్టికి క్యాన్సరు జాడ ఎక్కడా లేదు, ఇది హెర్నియానే అన్నాడు. ఎండలు తగ్గాక వచ్చి మళ్ళీ కుట్టించుకోవాలి. అప్పటిదాకా బరువు ఎత్తకూడదు. నిలబడినప్పుడు, నడిచేటప్పుడు పొట్టకు కట్టు తప్పకుండా ఉండాలి.

"తోలు, కుట్టు లేకుండా ఏదైనా పనికొస్తుందాండీ?" అని అడిగారు నాన్న.

"గట్టిగా పట్టి ఉంచేది ఏదైనా సరే. మీరు దాన్ని పడుకున్నప్పుడు కాకుండా లేచినప్పుడు కట్టుకుంటే చాలు."

దేవానందం గారు చీటీ రాసినట్టున్నారు. సర్జనుకూ అంతా తెలిసిపోయింది.

నేను థాంక్స్ చెప్పడం మర్చిపోయాను. నాన్న చెప్పారు.

తిరుగు బస్సులో విజయవాడ దాటాక అడిగాను. "మీరు కూడా అదే అనుకున్నారా?"

"అదే అనుకున్నాను."

"మరి చెప్పలేదేం?"

"శివరాత్రి అయ్యాక చెబుదామనుకున్నా. ఒక ఏడుపు తీరకుండా నీకు ఇంకోటి ఎందుకని."

"నాకు ఇప్పటిదాకా ఏడుపు రాలేదు నాన్నా."

"తెలుసు. అందుకే."

ఎ.కొండూరు వచ్చేసరికి ఆయన నిద్రపోయారు. బస్సు కుదుపుకు తల నా భుజం మీదికి వాలింది. నేను కదలలేదు.

21 ఫిబ్రవరి, శనివారం

కట్టు సంగతి అమ్మ చూసుకుంది. "దానికేం, బాలింతకి కట్టినట్టు కడతాను. ముగ్గుర్ని కన్నదాన్ని, పొట్ట కట్టడం నాకు చేతకాదా?" అంది. బజారు నుంచి పొడుగాటి కొత్త నేతగుడ్డ తెప్పించి, తడిపి, ఎవరూ తాకని చోట దండెం మీద ఆరేసింది. కుట్టు లేదు, తోలు లేదు, రోజూ తడిపి ఆరేస్తే మడికి లోటు లేదు.

ఇవాళ పొద్దున మొదటిసారి కట్టింది. నాన్న మంచం మీద పడుకుంటే, ఉబ్బు లోపలికి పోయాక చుట్టడం మొదలుపెట్టింది.

"ఊపిరి బిగపట్టండి."

"ఏవే, పేగుతోపాటు ప్రాణం కూడా లోపలే ఉంచేస్తావా?"

"ఉంచడానికేగా కడుతోంది."

అమ్మ ముడి వేసి, సరిగ్గా ఉందో లేదో చూసినట్టు, కాసేపు చెయ్యి దానిమీదే ఉంచింది. నేను వసారాలోకి వచ్చేశాను.

కట్టు చూసి దేవానందం గారు, "ఫస్టుక్లాసు. పుట్టింది మగపిల్లాడా, ఆడపిల్లా పంతులుగారూ?" అన్నారు.

25 ఫిబ్రవరి, బుధవారం

సోమయాజులు వెళ్ళిపోవాలి. శివరాత్రికి కొండూరులో వాళ్ళ గుడి వాళ్ళకుంటుంది. తాళాలు నాన్నకు ఇచ్చి దణ్ణం పెట్టాడు.

మరి నీళ్ళు? రాత్రి భోజనాల దగ్గర ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నాన్న నన్ను అడగరని నాకు తెలుసు. అమ్మను అడగనివ్వరని కూడా తెలుసు.

"నేను తోడతాను" అన్నాను.

"తడిబట్టతో తోడాలి. పొద్దున చలి ఉంటుంది."

"తెలుసు."

"సరే" అన్నారు. మజ్జిగ పోసుకున్నారు.

28 ఫిబ్రవరి, శనివారం. శివరాత్రి

కాసేపు ఇంటికి వచ్చాను. మళ్ళీ వెళ్ళాలి.

బావి నిజంగా లోతు. చిన్నప్పుడు తోడాను, మర్చిపోయాను. తెల్లవారేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. పత్రి బుట్ట దించుతూ ఏడుకొండలు చూశాడు.

"సుద్దముక్కలు పట్టే చేతులండీ మేష్టారూ. చేంతాడుకి కొత్త."

"నువ్వు పత్రి చూసుకో."

"చూస్తన్నానండి. అయ్యగారు ఇన్నేళ్ళు ఎట్టా తోడారో అని, అంతే."

నేనూ అదే అనుకుంటున్నాను. ఈ వయసులో, పొట్ట కోయించుకుని, కుట్టు విడిపోతుంటే, ఆ ఉబ్బు క్యాన్సరే అనుకుంటూ రోజూ ఈ నీళ్ళు తోడారు. ఇంటికి వచ్చి, బడికి టైము కాలేదా అని నన్ను అడిగారు. నాకు చేతులు మండితే ఒక్క పూటకే ముఖంలో తెలిసిపోతోంది.

బిందెలు గర్భగుడి గడప దాకా తెచ్చి పెడుతున్నాను. అక్కడి నుంచి చెంబుతో ముంచి అందిస్తే ఆయన అభిషేకం చేస్తున్నారు. బిందె ముట్టుకోవడం లేదు. నడుముకు అమ్మ కట్టిన కట్టు, దాని మీద తడి పంచె. నిటారుగా నిలబడ్డారు. గొంతు ఖంగుమంది. బయట వరసలో నిలబడ్డవాళ్ళు, ఈ ఏడు పంతులుగారు ఇంకా బాగున్నారే అనుకోవడం విన్నాను.

మొదటి అభిషేకం ఎప్పుడూ మా ఇంటి పేరిటే జరుగుతుంది. గోత్రం చెప్పారు. తన పేరు, అమ్మ పేరు చెప్పారు. "అనంతపద్మనాభ నామధేయస్య" అన్నారు. అది నేను. పోయిన శివరాత్రికి ఆ తర్వాత "ధర్మపత్నీ సమేతస్య" అన్నారు. శ్యామల అప్పుడు ఆ స్తంభం పక్కన నిలబడింది.

నాన్న ఆగారు.

వెనకాల ఎవరికీ ఏమీ తెలిసి ఉండదు. ఊపిరి తీసుకున్నారనుకుని ఉంటారు. నాకు మాత్రం గడప దగ్గర ఏమీ కనిపించలేదు. తడిబట్ట కాబట్టి ముఖం తుడుచుకోవడానికి కూడా లేదు. తుడుచుకోలేదు. కారనిచ్చాను. పొద్దున నుంచి నీళ్ళలోనే ఉన్నాను, ఎవరు చూసినా బావినీళ్ళే అనుకుంటారు.

నాన్న వెనక్కి తిరగలేదు. తిరిగితే నేను ఆపుకోవలసి వచ్చేది. నాకు కావలసినంతసేపు లింగం వైపే చూస్తూ నిలబడ్డారు. మంత్రం ఆపి, జనాన్ని ఆపి.

తర్వాత చెయ్యి వెనక్కి చాచారు. చెంబు ముంచి అందించాను.